ఏడు రోజుల ఉప్పు

1943 నవంబరు 28, ఆదివారం

ఈ పుస్తకం తెరిచినవాడా, నువ్వెవరివైనా సరే, ముందు దీనికి జవాబు చెప్పు: దేవుడి కోసం నువ్వు ఏం వదులుకున్నావు?

నేను వెల్లుల్లి వదులుకున్నాను. నవ్వకు. ఇటలీ తీరాన ఈ బారి పట్టణంలో పుట్టినవాడు వెల్లుల్లి మానేయడమంటే చేప ఈత మానేసినట్టే. మూడేళ్ల కిందట నల్లచొక్కాల ఫాసిస్టులు వాక్యం చెప్పిన నేరానికి నన్ను కొండల్లోని ఊరికి తోలినప్పుడు మోకాళ్ల మీద మాట ఇచ్చాను: ప్రభువా, నన్ను విడిపించు, ఐగుప్తు తిండి ఇక ముట్టను. సంఖ్యాకాండం పదకొండో అధ్యాయం తీసి చూడు. ఆకాశం నుంచి దేవుడి రొట్టె మన్నా కురుస్తుంటే, ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడ్డ ఆ జనం దేనికోసం ఏడ్చారు? వెల్లుల్లి కోసం! ఈ సెప్టెంబరులో ఇంగ్లీషువాళ్లు ఓడలు దిగారు, నేను ఇల్లు చేరాను. ఇచ్చిన మాట మాటే.

ఇలా రోజూ రాసుకున్న పాత పుస్తకం పోలీసులు పట్టుకుపోయారు. మూడు నెలలు చదివారట. ఒక్కడికీ మారుమనస్సు కలగలేదు.

ఈ రోజు నా బూట్ల కొట్టులో, ఎనిమిదేళ్ల తర్వాత మొదటిసారి, తలుపులు బార్లా తెరిచి ప్రార్థన పెట్టాం. వచ్చే ఆదివారం సముద్రంలో బాప్తిస్మం అని ప్రకటించాను. పట్టపగలు, అందరూ చూస్తుండగా. ఏడుగురు. అందరికంటే పెద్దది ఆక్టోపస్‌లు అమ్మే సెరఫీనా. ఏడోవాడు నా భార్య తమ్ముడు ఒనోఫ్రియో. వాడి కోసం పంతొమ్మిదేళ్లు ప్రార్థించాను. వాడు ఓడరేవు కూలీ. ఫొజ్జా మైదానాల నుంచి రోజూ ఉత్తరానికి ఎగిరే అమెరికా బాంబర్లకు బాంబులు దింపేది వీడి చేతులే. పోయిన వారం క్రేను నుంచి ఒక పెట్టె జారి వాడి పక్కనే పడిందట, పేలలేదట.

"నీ దేవుడి పేరు నోట్లోకి వచ్చింది బావా" అన్నాడు.

"మొట్టమొదటగా?"

"సాన్ నికోలా తర్వాత. అలవాటు కదా, నోరు జారింది." సాన్ నికోలా ఈ ఊరి పునీతుడు, ఊరంతా మొక్కేది అతనికే.

మన సంఘం నియమం వాళ్లకు వివరంగా చెప్పాను. బాప్తిస్మం అయ్యాక ఏడు రోజులు ఒంటి మీద మంచినీళ్ల చుక్క పడకూడదు. సముద్రపు ఉప్పు అలాగే ఉండాలి. మునిగిన తెల్లఅంగీ ఉతక్కుండా మడిచి, దిండు కింద పెట్టుకుని పడుకోవాలి. ఎనిమిదో రోజు అందరం కలిసి కడుక్కుంటాం. ఇది అమెరికాలోని బఫెలోలో నేను వాక్యం నేర్చుకున్న సంఘంలో లేదు, ఇటలీలో ఏ సంఘంలోనూ లేదు. ఒంటరిగా ప్రవాసంలో ఉన్నప్పుడు నాకు దొరికింది. యాజకులు ఏడు రోజులు గుడారపు గుమ్మం దాటకూడదని లేవీయకాండంలో ఒకచోట. ప్రతి అర్పణలోనూ ఉప్పు ఉండాలని ఇంకోచోట. రెండు తోలుముక్కలు పక్కపక్కన పెట్టి కుట్టినట్టు రెండు వచనాలూ కుట్టాను. కుట్టు కనపడదు.

"డిసెంబరులో తడిగుడ్డ దిండు కిందా?" అంది అసుంత. నా భార్య ఇంగ్లీషువాళ్ల ఆస్పత్రిలో బట్టలు ఉతుకుతుంది. లోకమంతా సబ్బుతోనే బాగుపడుతుందని ఆమె నమ్మకం.

ఒనోఫ్రియో వెళ్తూ వెళ్తూ వంటింట్లోకి తొంగిచూశాడు. "బావా, దేవుడు నిన్ను విడిపించాడు, సంతోషం. మా అక్క వంటని ఎందుకు జైల్లో పెట్టావు?"

నవంబరు 30

రేవు గట్టున పెట్టె ఎక్కి, బైబిల్లో దేవుడు శపించిన తూరు అనే రేవుపట్టణం మీద ప్రసంగించాను. "ఓడల నడుమ కూర్చుని నేను సౌందర్యవతిని అన్నదానా, నీ మీదికి అగ్ని వస్తోంది!" గొంతు బొంగురుపోయింది. ఇంగ్లీషు కాపలావాడు శ్రద్ధగా విని చూయింగ్ గమ్ ఒకటి ఇచ్చాడు.

ఓడలు ఒకదాని పక్కన ఒకటి, సంతలో గొర్రెల్లా. రాత్రిళ్లు రేవంతా పెళ్లిపందిరిలా దీపాలు. జర్మన్ల దగ్గర ఇక విమానాలు లేవట. ఒనోఫ్రియో చెప్పాడు, ఒక ఓడ వచ్చి నాలుగు రోజులైనా ఎవరూ దింపడం లేదట. "ఏముందిరా అందులో?" అంటే, "తెలియదు బావా. దాని కాపలావాడు మాతో సిగరెట్ కూడా పంచుకోడు. అంత ఖరీదైన సరుకు" అన్నాడు.

డిసెంబరు 2, గురువారం

మధ్యాహ్నం ఒకే ఒక్క విమానం, చాలా ఎత్తున, తెల్లగీత గీసుకుంటూ పోయింది. ఎవరూ తలెత్తలేదు. నాలుగు జతల మడమలు వేశాను.

డిసెంబరు 3

చెప్పానా లేదా? చెప్పానా లేదా?

ఇలా రాయకూడదు. కొట్టేయను. ఉండనీ.

నిన్న సాయంత్రం ఏడున్నరకు అన్నానికి కూర్చున్నాం. ఆకుకూర పాస్తా, వెల్లుల్లి లేకుండా. బయట ఏదో మెరిసింది. కిటికీలోంచి చూస్తే ఆకాశం నుంచి సన్నటి వెండి రేకులు, వేలకు వేలు, మెల్లగా తిరుగుతూ దిగుతున్నాయి. మన్నా! అదే మాట అరిచాను. విమానాల్ని పసిగట్టే యంత్రాల లెక్కలు పాడుచేయడానికి జర్మన్లు చల్లిన రేకులని తర్వాత ఎవరో అన్నారు. వాళ్లకేం తెలుసు?

తర్వాత బాంబర్లు. తల మీదుగా, ఇళ్ల కప్పులు గీసుకుంటూ పోతున్నట్టు. రేవు దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. దొంగకు దారి చూపించడానికి గుమ్మంలో దీపం పెట్టినట్టు. ఒక ఓడ అంటుకుంది, దాని పక్కది, దాని పక్కది. తర్వాత వచ్చింది శబ్దం కాదు. ఎవరో నన్ను ఎత్తి గోడకు కొట్టారు. తలుపు లోపలికి వచ్చి మంచం మీద పడుకుంది. కొట్టులో ఒక్క అద్దం మిగల్లేదు. బైబిలు మాత్రం తెరిచిన పేజీ తెరిచినట్టే ఉంది. ఏ పేజీయో చూశాను. ప్రత్యేకంగా ఏమీ లేదు, పేర్ల జాబితా.

ఒనోఫ్రియో కోసం పరుగెత్తాను. పాతపట్నం జనమంతా గోడలు కూలుతున్నాయని రేవు వైపు పరుగు, రేవు జనమంతా నిప్పు అని పట్నం వైపు పరుగు. నడుమ సందులో ఇరుక్కున్నాం. వాడు దొరికాడు. పని దిగి సారా కొట్టులో పేకాడుతున్నాడట. "పాపమే కాపాడింది బావా" అన్నాడు. కొట్టాలనిపించింది, కౌగిలించుకున్నాను.

గోడ మీద నిలబడి ఇద్దరం చూశాం. నీళ్ల మీద నిప్పు నడుస్తోంది. ఓడలవాళ్లు నల్లనూనెలో తేలుతున్నారు, అరుస్తున్నారు. ఆ పొగలోంచి వచ్చింది వాసన. మూడేళ్లుగా నేను నోట పెట్టనిదాని వాసన. వెల్లుల్లి!

పాపపు పట్టణం సొదొమ మీద గంధకం కురిసిందని చదివాను. వెల్లుల్లి కురిసిందని ఎక్కడా లేదు.

"నీకు వస్తోందా?" అన్నాను.

"ఏ వాసన?"

"వెల్లుల్లిరా!"

"బారిలో వెల్లుల్లి వాసన రావడం వింతా? కడుపు మాడి చచ్చేలా ఉన్నావు, ఇంటికి పద."

సెరఫీనా కూడా అక్కడే ఉంది. ఏళ్ల తరబడి ఆక్టోపస్‌లను మెత్తబడేలా రాయికి కొట్టి కొట్టి ఆమెకు వాసన తెలియడమే పోయింది. "వాసనా? ఎప్పుడూ ఉండేదేగా సోదరా."

ఒక్కడికే వచ్చింది. ఎందుకు? రాత్రంతా మోకాళ్ల మీద అడిగాను. తెల్లవారుజామున అర్థమైంది. పైనుంచి మన్నా, కిందనుంచి వెల్లుల్లి. సంఖ్యాకాండం పదకొండు అచ్చంగా కళ్లెదుట! ఐగుప్తు నన్ను వెనక్కి పిలుస్తోంది. ఇది శోధన. ముక్కు మూసుకుని జయించాను.

ఇలాంటి ప్రసంగం జీవితంలో ఒకసారే దొరుకుతుంది.

డిసెంబరు 4

బాంబుల రాత్రే ఆస్పత్రికి పరుగెత్తిన అసుంత రెండు రోజులకు తిరిగి వచ్చింది. ముందు చేతులు మోచేతుల దాకా తోముకుంది. తర్వాత చెప్పింది: వందల మంది నావికులు. ఒంటి మీద దెబ్బలేదు, కాలిన గాయం లేదు. నూనెలో నానిన బట్టలతోనే కంబళ్లు కప్పి వరసగా కూర్చోబెట్టారు, టీ ఇచ్చారు. తెల్లారేసరికి కళ్లు మూసుకుపోయి, ఒళ్లంతా బొబ్బలట. "బాగానే ఉన్నాను" అంటూ అంటూనే పోతున్నారట.

"ఏ జబ్బంటారు డాక్టర్లు?"

"వాళ్లకే తెలియదు. రేపు సముద్రంలోకి దిగకు. నీళ్ల మీద ఆ నూనె తెట్టు కట్టి ఉంది. చలికాలం పోయాక ముంచు."

ఎనిమిదేళ్లు ఆగాను. పంతొమ్మిదేళ్లు ఆగాను. చలికాలం పోయేసరికి ఒనోఫ్రియో భయం కూడా పోతుంది, నాకు తెలుసు. వాడి మారుమనస్సు ఎప్పుడూ ఒక వారానికి మించి నిలవదు.

రాజుల రెండో గ్రంథం ఐదో అధ్యాయం తీశాను. కుష్ఠు పట్టిన సేనాపతి నయమాను. ప్రవక్త మునగమన్న యొర్దాను నది నీళ్లు బురదని మొహం చిట్లించాడు. వాటిలోనే ఏడుసార్లు మునిగాడు, చర్మం పసిబిడ్డ చర్మంలా అయింది. నీళ్లు మురికిగా ఉన్నాయా లేదా అన్నది కాదు ప్రశ్న. చెప్పింది ఎవరన్నది ప్రశ్న.

(చెప్పింది నేను. కానీ వాక్యం నుంచి చెప్పాను.)

డిసెంబరు 5, ఆదివారం

రేవు దగ్గరికి సైనికులు రానివ్వలేదు. సాన్ జిరోలమో తీరానికి నడిచాం. దేవునికి మహిమ! ఏడుగురూ మునిగారు. తీరం మీద యాభై మంది జనం, ఒక్క పోలీసు లేడు. నడుము లోతు నీళ్లలో ముప్పావుగంట నిలబడ్డాను, చలి తెలియలేదు. నీళ్ల మీద నూనె రంగురంగులుగా తిరుగుతోంది. నోవహు చూసిన ఇంద్రధనుస్సు నీళ్లలో పడినట్టుంది అన్నాను. కొందరు ఏడ్చారు.

సెరఫీనా పైకి లేచి పాట ఎత్తుకుంది. తల మీద నూనె, అభిషేకం చేసినట్టు. "డెబ్బై ఏళ్లు ఈ సముద్రం నుంచి తీసుకున్నాను సోదరా, ఈ రోజు ఇచ్చాను" అంది.

ఒనోఫ్రియో పళ్లు కొట్టుకుంటూ, "ఒక్కసారే ముంచు బావా, నయమాను లెక్క ఏడుసార్లు వద్దు, నాకు కుష్ఠు లేదు" అన్నాడు. ముంచాను. వాడు ఏడ్చాడు. నేనూ.

మళ్లీ ఆ వాసన. పట్టించుకోలేదు.

సాయంత్రం గొడవ. ఆడవాళ్లను పట్టుకోవడానికి నీళ్లలోకి దిగిన అసుంత ఇంటికి రాగానే నేరుగా చాకిరేవుకు వెళ్లి సోడా సబ్బుతో తల నుంచి కాళ్ల దాకా రుద్దుకుని వచ్చింది. బట్టలు మరిగించింది. "సంఘకాపరి భార్యవి నువ్వే నియమం తప్పితే?" అన్నాను. "నా బాప్తిస్మం పన్నెండేళ్ల కిందట అయింది. ఆ ఉప్పు ఎప్పుడో కారిపోయింది. నీ అంగీ కూడా ఇటు ఇవ్వు" అంది. ఇవ్వలేదు. దిండు కింద పెట్టుకున్నాను.

డిసెంబరు 6

సాన్ నికోలా పండుగ. సగం పట్నం శిథిలాల్లో ఉంది, అయినా చీకటితోనే జనం గుళ్లో అతని సమాధి చుట్టూ తిరగడానికి పోయారు. నేను కిటికీకి తోలు అడ్డం కట్టుకుని పనిచేసుకున్నాను.

తొడలు దురద. ఉప్పు.

సాయంత్రం తెలిసింది. ఒనోఫ్రియో వెళ్లాడు! నా ఏడోవాడు! ఒక్కరోజు కాలేదు! పైగా నిన్న రాత్రే వేడినీళ్లతో స్నానం చేసి, గడ్డం గీసుకుని, కొత్త చొక్కా వేసుకుని. అంగీ ఏదిరా అంటే, కంపు కొడుతోందని బయట పారేశాడట.

"నూనె కంపుతో సాన్ నికోలా ఎదుటికి పోతామా బావా? ఏమనుకుంటాడు?"

"చచ్చినవాడు ఏమనుకుంటాడురా!"

"అదే, చచ్చినవాడికి ముక్కు బాగా పనిచేస్తుందంటారు."

నా గుమ్మం తొక్కొద్దన్నాను. పంతొమ్మిదేళ్లు.

డిసెంబరు 7

యోబు రెండో అధ్యాయం, ఏడో వచనం. అరికాలు నుంచి నడినెత్తి దాకా బాధగల కురుపులు. నీతిమంతుడికే వచ్చాయి. ఇది చదువుకుని ధైర్యం తెచ్చుకున్నాను.

నా బొబ్బలు అరికాలు నుంచి కాదు. ఎక్కడ నుంచో రాయను. యోబు కూడా రాయలేదు.

ఏడుగురిలో ఐదుగురికి ఇదే. ఆరోవాడు, బండివాడు, మొన్న వానలో తడిసి ఏడు రోజులు భంగమయ్యాయని క్షమాపణ అడిగాడు. అతను బాగానే ఉన్నాడు. శోధన వాళ్ల స్థాయిని బట్టి వస్తుంది. సెరఫీనాకు అందరికంటే ఎక్కువ, ఎందుకంటే ఆమె విశ్వాసం అందరికంటే ఎక్కువ. దగ్గు కూడా.

అసుంత: "వాళ్ల దగ్గరికెళ్లి కడుక్కోమని చెప్పు."

నేను: "ఆదివారం."

"నీ కళ్లు చూసుకున్నావా?"

తోలు రంగు పడింది. అందుకే నీళ్లు కారుతున్నాయి.

డిసెంబరు 8, ఉదయం

అక్షరాలు రెండేసి కనిపిస్తున్నాయి. నిద్ర లేదు. దిండు కింద నుంచి రాత్రంతా వాసన. ముక్కు మూసుకుని జయించడం మూడు రాత్రుల తర్వాత కష్టమవుతోంది.

అదే రోజు, మధ్యాహ్నం

నా గుమ్మం తొక్కొద్దన్నవాడు తొక్కాడు. వెనకాల అసుంత. ఇద్దరి మొహాలూ ఒకటే మొహం.

"బావా, కోప్పడితే తర్వాత కోప్పడు. ముందు అక్క మాట విను."

అసుంత కూర్చోలేదు. చెప్పింది: "కొత్త డాక్టరొకాయన వచ్చాడు. చాకలి ఆడవాళ్లందర్నీ వరసగా నిలబెట్టి ఒకటే అడిగాడు. ఆ రాత్రి రేవులో వెల్లుల్లి వాసన వచ్చిందా అని. అందరూ పగలబడి నవ్వారు. బారిలో వెల్లుల్లి వాసన రాని చోటు ఉందా డాక్టరుగారూ అన్నారు. ఆయన నవ్వలేదు. అది విషవాయువు వాసన అట. ఓడలో ఉందట. నూనెలో కలిసి నీళ్ల మీద పరుచుకుందట. ఎవరికీ చెప్పొద్దన్నాడు. బట్టలు విప్పించి, సబ్బుతో కడిగించిన వాళ్లు బతికారు. తడిబట్టల్లో ఓపిగ్గా కూర్చున్నవాళ్లు పోయారు. కళ్లు మూసుకుపోయినవాళ్ల చేతుల్ని పట్టుకుని, ఎవరైనా నాకా వాసన వచ్చిందని చెప్పండయ్యా అని అడుగుతున్నాడు."

నేను గోడ వైపు చూశాను.

"నీకు వచ్చింది కదా బావా" అన్నాడు ఒనోఫ్రియో నెమ్మదిగా. "నువ్వే అడిగావు నన్ను. నేనే నవ్వాను."

మూడేళ్లు. మూడేళ్లు ఈ ముక్కును దేవుడి కోసం శుభ్రంగా ఉంచాను. పట్నమంతటిలో ఆ వాసన పట్టగల ముక్కు ఇదొక్కటే. దాన్ని పట్టుకుని నేనేం చేశాను? ప్రసంగం చేశాను.

"సెరఫీనా దగ్గరికెళ్లాను" అంది అసుంత. "కళ్లు తెరుచుకోవడం లేదు. ఊపిరి ఈల వేస్తోంది. కడుగుతానమ్మా అంటే నా చెయ్యి తోసేసింది. సోదరుడు ఆదివారం అన్నాడు, ఆదివారం దాకా ఉంటాను అంటోంది. ఆ అంగీ దిండు కింద కూడా కాదు, గుండెల మీద పెట్టుకుని పడుకుంది. నా మాట వినదు. డాక్టరు మాట వినదు. నీ మాటే వింటుంది."

"ఆ నియమం వాక్యంలో..." అన్నాను.

"వాక్యంలో ఉందా? చూపించు. నాకు చదవడం రాదు. చదివి వినిపించు."

లేవీయకాండం తీశాను. పేజీ రెండు పేజీలుగా కనిపించింది. ఏడు రోజులు గుమ్మం దాటకూడదని ఉంది. అర్పణలో ఉప్పు ఉండాలని ఉంది. కడుక్కోకూడదని లేదు. మోషే అహరోనునూ అతని కుమారులనూ దగ్గరికి పిలిచి మొట్టమొదట చేసిన పని నీళ్లతో స్నానం చేయించడం. అదే అధ్యాయం. ఆరో వచనం. ఎన్నిసార్లు చదివాను! దాని మీదుగా కుట్టుకుంటూ పోయాను.

"నువ్వే కదయ్యా చెప్పావు ఆ సేనాపతి కథ" అంది అసుంత. ఈసారి గొంతు తగ్గించింది. "పనివాళ్లు ఏమన్నారు అతనితో? ప్రవక్త ఏదో పెద్ద పని చెప్పుంటే చేసేవాడివి కాదా, కడుక్కో అన్నాడు అంతే కదా అన్నారు. నీదీ అదే. ప్రవాసానికి వెళ్లమంటే వెళ్లావు. వెల్లుల్లి మానమంటే మానావు. కడుక్కోమని చెప్పడం మాత్రం చేతకావడం లేదు."

ఒనోఫ్రియో నా భుజం మీద చెయ్యి వేశాడు. సాన్ నికోలా కోసం గీసుకున్న గడ్డం, ఒక్క బొబ్బ లేని మొహం. విగ్రహారాధన చేసి బతికాడు. బండివాడు వానలో తడిసి బతికాడు. నా మాట తు.చ. తప్పకుండా పాటించిన ఐదుగురు పడుకుని ఉన్నారు. ప్రభువా, దీని మీద ప్రసంగం చేయమని మాత్రం నన్ను అడక్కు.

అసుంత పెరట్లో నీళ్లు మరిగిస్తోంది. ముందు నేను కడుక్కోవాలట, లేకపోతే నా ఒంటి మీది విషాన్ని వాళ్ల గుమ్మాలకు మోసుకుపోతానట. నా అంగీ పొడవాటి కర్రతో ఎత్తి బయటికి తీసుకెళ్లింది. ఆ నీళ్లు కాగేలోపు ఇది రాస్తున్నాను. కళ్లు పూర్తిగా మూసుకుపోతే ఒనోఫ్రియో ప్రతి ఇంటి గుమ్మంలో దీన్ని గట్టిగా చదవాలి. నేను పక్కనే నిలబడతాను. మాట నాదని అందరికీ తెలియాలి.

సెరఫీనా, నేను సబీనోని. ఆ నియమం దేవుడిది కాదు, నాది. రెండు వచనాలు పక్కపక్కన పెట్టి నేను కుట్టాను. కుట్టినవాణ్ణి నేనే, విప్పుతున్నది నేనే. నువ్వు తప్పు చేయడం లేదు. నీ బాప్తిస్మం సబ్బుకు కరిగిపోయేది కాదు. ఆ అంగీ గుండెల మీది నుంచి తీసెయ్యి. చేత్తో కాదు, కర్రతో. దుప్పటి, దిండు కూడా బయట పారెయ్యి. కిటికీ తెరువు. అసుంత సబ్బు తెచ్చింది, ఆమెను లోపలికి రానివ్వు. జుట్టు, మెడ, చంకలు, కాలివేళ్ల మధ్య, నేను రాయడానికి సిగ్గుపడిన చోట కూడా. కడిగి మళ్లీ కడుగు. తర్వాత ఆస్పత్రికి పద. అక్కడ ఆ డాక్టరుకు నేను చెప్తాను, వచ్చింది, నాకు వచ్చింది అని.

ఆదివారం దాకా ఆగకు. సాయంత్రం దాకా ఆగకు. ఈ రోజే. లే సెరఫీనా, ఇప్పుడే లే, కడుక్కో!